రోకలి దెబ్బ తిన్న గుమ్మం

మా మేనత్త పోయిందని విశాఖ ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు, నేను మాకవరపాలెం బట్టల షాపు ప్రకటన రికార్డు చేస్తున్నాను. మైకు ఆపడం మర్చిపోయి ఏడ్చాను. అదీ రికార్డయింది. ఆవిడుంటే, "సౌండు బాగొచ్చిందేటిరా?" అని వెక్కిరించేది.

అత్త బళ్ళో లెక్కలు చెప్పేది. కోపమొస్తే డస్టరు విసిరేది, గురి తప్పేది కాదు. ఓసారి నక్కపల్లి బస్సులో ఎవరో పిల్లమీద చెయ్యి వేసినవాణ్ణి చెప్పు తెగేదాకా కొట్టి, ఆ తెగిన చెప్పు చేత్తో పట్టుకుని ఇంటికొచ్చింది. "మాటకి ఇనీవోడైతే సెయ్యే ఎయ్యడు కదరా" అంది. నాకు ఆవిడంటే భయం, అంతకు మించి ఇష్టం.

మామయ్య పోయాక నర్సీపట్నంలో ఆవిడ దగ్గరే ఉన్నాను. స్టూడియోకి వంటింటి పక్క సామాన్ల గది ఇచ్చింది. అగ్గిపెట్టెంత గది. తలుపు లోపలికి తెరిస్తే మైకు స్టాండు పడిపోతుంది, బయటికి తెరిస్తే పొయ్యికి తగులుతుంది. పక్కకి జరిపే తలుపు చోటు తినదు గానీ సందుల్లోంచి కుక్కరు కూత దూరుతుంది. మడత తలుపుదీ అదే గోల. ఆఖరికి పొయ్యిని అవతలి గోడకి జరిపి, బయటికి తెరుచుకునే మందపాటి తలుపు వేయించాను. అంచులకి రబ్బరు, బయట గడియ.

కొత్త తలుపుని పరీక్షించాలంటే లోపల ఒకరు అరవాలి. అత్తని పంపి గడియ పెట్టాను. చెవి ఆనించి విన్నాను. ఏమీ లేదు. సంబరంగా తీశాను.

"ఒక్క ముక్క వినబడలేదత్తా!"

ఆవిడ ఒళ్ళంతా చెమట. తలుపు బాది బాది వేళ్ళ కణుపులు చిట్లి నెత్తురు కారుతోంది. నన్ను ఒక్క తోపు తోసి, వంటింట్లో రోకలి అందుకుంది. మొదటి దెబ్బకే చెక్క చీలింది. గడియ ఊడి గోడకి కొట్టుకుంది. రబ్బరు పేగుల్లా వేలాడింది. తలుపు కూలాక గుమ్మాన్ని కూడా వదల్లేదు.

"మీ మావ నన్ను ఈ గదిలోనే ఏసి తన్నీవోడురా, రేడియో గట్టిగా ఎట్టి. బయటికొచ్చి ఇదే మాట అనీవోడు. ఎవడికీ ఇనబడలేదులే అని."

చప్పుడుకి పక్కింటివాళ్ళు గేటు దగ్గర మూగారు. అత్త రోకలి ఎత్తిపట్టుకునే వాళ్ళవైపు తిరిగింది. "ఇప్పుడు బేగొచ్చినారేటి!"

ఒక్కొక్కరే గేటు వదిలి జారుకున్నారు.

తర్వాత పక్కకి జరిపే తలుపే పెట్టాం. గుమ్మం సొట్టపడడంతో అది పూర్తిగా మూసుకోదు. నా ప్రకటనలన్నిట్లో కుక్కరు కూత, పాలవాడి మీద అత్త తిట్లు. షాపులవాళ్ళు గొణిగేవారు. అత్త మాత్రం ఆ సందులోంచి టీ గ్లాసు అందిస్తూ, "ఇనబడతన్నానా?" అని అడిగేది. వినబడుతున్నావత్తా అనేవాణ్ణి. అప్పుడే గ్లాసు వదిలేది.

కర్మలయ్యాక వడ్రంగి వచ్చి, గుమ్మం సరిచేసి మందం తలుపు వేసేద్దామా అన్నాడు. వద్దన్నాను.

అతను వెళ్ళాక లోపల కూర్చుని తలుపు జరిపాను. ఎప్పట్లాగే సొట్ట దగ్గర ఆగింది. ఆ సందులోంచి గోడకి ఆనించిన రోకలి కనబడుతోంది. దాని కొసనున్న ఇనప పొన్నుకి ఆనాడు కూలిన తలుపు చెక్క పేడు ఇంకా గుచ్చుకునే ఉంది.