ఆర్లీన్ కట్టిన చందా

మెర్ల్ వోగ్ట్ కొట్టు మూసేస్తున్నాడన్న సంగతి ఆర్లీన్ కుచేరాకి ఫిబ్రవరి రెండో బుధవారం నాడు అతని నోటనే తెలిసింది. ఆ కొట్టులో ఒక పక్క చేపలు పట్టేవాళ్ళకి గాలాలు, ఎరలు, ఫ్రిజ్ నిండా వానపాముల డబ్బాలు. రెండో పక్క గోడ పొడుగునా కొత్త కామిక్స్. నెబ్రాస్కాలో మా డన్‌వర్త్ లాంటి చిన్న ఊళ్ళో ఏదో ఒక్కటే అమ్మితే కొట్టు నిలబడదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు అతను అలాగే నెట్టుకొచ్చాడు.

"మా ఆవిడ మోకాళ్ళు ఈ చలిని ఇక తట్టుకోవడం లేదు. అరిజోనాలో అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాం. ఈస్టర్ దాకా కొట్టు తీసి ఉంచుతాను," అన్నాడు మెర్ల్.

"మరి నా పుస్తకాలో?"

"బాగుంది! ఇన్నేళ్ళ స్నేహితుడు ఊరొదిలి పోతున్నాడంటే ముందు అడిగే మాట అదా?"

"నీ కోసం తర్వాత తీరిగ్గా ఏడుస్తాలే. ముందు పుస్తకాల సంగతి చెప్పు."

"ఇప్పుడంతా ఆన్‌లైన్‌లోనే చందాలు కడుతున్నారు ఆర్లీన్. ఏమేం కావాలో ముందే చెప్పి పెడితే, వచ్చినవి వచ్చినట్టు ఇంటికి పంపిస్తారు. అలాంటివాళ్ళు ఓ డజను మంది ఉన్నారు. నచ్చిన చోట చేరడమే."

ఆర్లీన్ మా ఊరి బడి బస్సు నడుపుతుంది. అప్పటికి ఆమెకి యాభై ఆరేళ్ళు. ఏ బస్సు ఏ దారిన వెళ్ళాలో, ఎవరు సెలవు పెడితే వాళ్ళ బదులు ఎవరు వెళ్ళాలో చూసే పని నాది. గ్యారేజీలో నా బల్ల, ఆమె బస్సు ఎదురెదురుగా ఉంటాయి. పద్నాలుగేళ్ళ పరిచయం మాది. ఆమె ప్రతి బుధవారం మధ్యాహ్నం మెర్ల్ కొట్టుకి వెళ్ళి నాలుగైదు పుస్తకాలు తెచ్చుకుంటుందని, పిల్లల్ని ఎక్కించుకునే వేళయ్యేదాకా డ్రైవరు సీట్లో కూర్చుని ఒక్కో పేజీ తాపీగా చూస్తుందని నాకు తెలుసు. నాకు తెలియనిది ఇంకోటుంది. రెండు నెలల తర్వాత రాబోయే కామిక్స్ వివరాలతో నెలకొక లావుపాటి కేటలాగు వస్తుంది. మిగతా వాళ్ళు దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి, కావలసినవాటికి గుర్తులు పెట్టి తెచ్చిస్తారు. ఆర్లీన్ మాత్రం "అద్దాలు మర్చిపోయాను మెర్ల్, నువ్వే చెప్పు," అనేది. అతను గల్లా పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టి, పేజీలు తిప్పుతూ ఒక్కో కథా చెప్పేవాడు. ఆమె "ఉంచు" అనో "అక్కర్లేదు" అనో అనేది.

మెర్ల్ చెప్పిన ఆన్‌లైన్ చందా మాటే నెలరోజులపాటు ఆమె మనసులో నలిగింది. ఎవరికీ చెప్పకుండా ఒక ఆదివారం ఇంట్లో ఫోన్ ముందేసుకుని కూర్చుంది. అందరికంటే పెద్దదని పేరున్న ఒక అంగడిని వెతికి పట్టుకుని, వేళ్ళతో తడుముకుంటూ తడుముకుంటూ మొదటి ఆర్డరు పెట్టింది. ఇంటి దగ్గర పెట్టె వాకిట్లో తడుస్తుందని గ్యారేజీ చిరునామా ఇచ్చింది.

పెట్టె శుక్రవారం వచ్చింది. అట్ట పల్చన, ఒక మూల నలిగి ఉంది. డ్రైవర్లందరూ కాఫీ తాగుతూ ఉన్నారు. ఆర్లీన్ కత్తితో టేపు కోసి మూత తీసింది. లోపల తొమ్మిది పుస్తకాలు. తొమ్మిదీ ఒకటే. గులాబీ రంగు గుర్రప్పిల్ల ఒకటి మేఘాల మీద గంతులు వేస్తోంది. ఐదేళ్ళ పిల్లల కథ అది.

డ్వైట్ అని మాలో ఒకడున్నాడు, మనిషి మంచివాడే, నోటికే గేటు లేదు. "ఏం ఆర్లీన్, గుర్రప్పిల్ల అంతగా మనసు దోచుకుందా? ఒకటి చిరిగిపోతే ఇంకోటి ఉండాలని తొమ్మిది తెప్పించుకున్నావా?" అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆర్లీన్ నవ్వలేదు. పెట్టె చంకన పెట్టుకుని బస్సెక్కి తలుపు మూసేసుకుంది. ఎన్ని వేళాకోళాలు ఆడినా తిరిగి నాలుగు అంటించే మనిషి అలా మాట లేకుండా పోవడం నేనెప్పుడూ చూడలేదు. రెండు నిమిషాలు ఆగి వెళ్ళి తలుపు తట్టాను.

"వచ్చి కూర్చో," అంది. ఎదుటి సీట్లో కూర్చున్నాను.

"కొరీన్, నాకు కావలసింది తొమ్మిదో సంచిక. అంతరిక్షంలో సరుకు లారీ నడిపే ముసలామె కథ. అక్కడ చిన్న గడి ఒకటి ఉంటే సంచిక నంబరు అడుగుతున్నాడనుకుని తొమ్మిది కొట్టాను. అది ఎన్ని కాపీలో చెప్పే గడి. పైగా లారీ ముసలామె కింద వరసలో ఉంది, నేను నొక్కింది పై వరస."

"పోనీలే, అలాంటి పొరపాట్లు ఎవరికైనా…"

"పొరపాటు కాదు. నాకు చదవడం కష్టం." బయటికి చూస్తూ చెప్పింది. "అక్షరాలు బారులు తీరి ఉంటే నా కంటికి ఒక్కచోట నిలబడవు. చిన్నప్పుడు రెండో తరగతి రెండుసార్లు చదివాను. మొద్దు అన్నారు. మా నాన్న ధాన్యం గోదాములో పనిచేసేవాడు. జీతం రోజున ఒక కామిక్ కొనిచ్చాడు. దాంట్లో మనుషులు మాట్లాడే బుడగలో నాలుగైదు మాటలే ఉంటాయి కదా. పక్కనే బొమ్మ. బొమ్మ చేయి పట్టుకుని మాట నిలబడింది. నేను చదవడం నేర్చుకున్నది అలా. ఇప్పటికీ అలా అయితేనే చదవగలను."

"అయితే ఆ అద్దాలు? గ్యారేజీలో ఏ కాగితం ఇచ్చినా అద్దాలు మర్చిపోయానని పద్నాలుగేళ్ళుగా నాచేతే చదివిస్తున్నావు కదా?" అన్నాను.

"అద్దాలెక్కడివి? నా కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి."

"నీ మొహం! నీ పుట్టినరోజుకి అద్దాలు మెడలో వేసుకునే గొలుసు కొందామని రెండేళ్ళ నుంచి అనుకుంటున్నాను!"

అప్పుడు నవ్వింది. నవ్వుతూనే చేతి వెనకతో కళ్ళు తుడుచుకుంది. ఆ మధ్యాహ్నం ఎనిమిది గుర్రప్పిల్లలూ ముందు వరస సీట్లలో కూర్చునే చిన్నపిల్లల ఇళ్ళకి వెళ్ళిపోయాయి. తొమ్మిదోది డ్వైట్ డబ్బాలో, అతని సాండ్‌విచ్ కింద తేలింది.

ఆ తర్వాత మధ్యాహ్నం భోజనాల వేళ నా బల్ల దగ్గరే ఇద్దరం కూర్చుని చందా సంగతి చూడడం మొదలుపెట్టాం. నేను చదివేదాన్ని, ఆమె వినేది. గుర్రప్పిల్లల్ని పంపిన పెద్ద అంగడిలో ధర అన్నింటికన్నా తక్కువ. కానీ అక్కడ మనిషన్నవాడు లేడు. ఏమడిగినా యంత్రమే జవాబు రాస్తుంది. "మనిషితో మాట్లాడాలి," అని నేను మూడుసార్లు రాస్తే, మూడుసార్లూ "మీ ఆసక్తికి చాలా సంతోషం," అంది.

"దాని సంతోషం తగలెయ్య. ఇంకోటి చూడు," అంది ఆర్లీన్.

రెండో చోట సరుకు బాగుంది. పరీక్షగా రెండు పుస్తకాలు తెప్పిస్తే ఒక్క అంచు కూడా వంగకుండా, ప్లాస్టిక్ సంచిలో గట్టి అట్ట పెట్టి పంపారు. ఎక్కువ కొంటే తగ్గింపు కూడా ఉంది. అయితే నెలంతా వచ్చినవి పోగుచేసి నెలాఖరున ఒకేసారి పంపిస్తారు. వారం వారం పంపమంటే కుదరదన్నారు. నాకు అదేమంత లోపంగా కనిపించలేదు. అదే అన్నాను.

"నెల భోజనం అంతా ఒక్క పూట వడ్డిస్తే తింటావా నువ్వు?" అంది. "వారమంతా తోలిన దారే తోలుతాను కొరీన్. మధ్యలో ఒకటి రావాలి. ఏమవుతుందో అని ఎదురు చూడాలి. అదీ నాకు కావలసింది."

మూడోది అయోవాలో ఒక చిన్న ఊరి కొట్టు. నడిపేది మారిబెత్ ఓస్గుడ్ అనే ఆవిడ. వారం వారం పంపిస్తుంది. తగ్గింపు పెద్దగా లేదు, పంపే ఖర్చు కొంచెం ఎక్కువే. కింద ఫోన్ నంబరు రాసి ఉంది. చేస్తే మారిబెత్తే ఎత్తింది. గొంతు వింటే ముప్ఫై దాటి ఉండవనిపించింది. ఎప్పుడు పంపుతారు, వద్దనుకుంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి అని నేను అడుగుతూ ఉన్నాను. ఉన్నట్టుండి ఆర్లీన్ చేయి చాచి ఫోన్ తీసుకుంది.

"ఇదిగో అమ్మాయ్. నీ కేటలాగు నేను చదవలేను. నాకు అచ్చు అక్షరాలతో పేచీ ఉంది. ఎవరైనా చెప్తే వింటాను, ఏది కావాలో చెప్తాను. ఇన్నాళ్ళూ మా ఊళ్ళో కొట్టాయన చెప్పేవాడు. నీ దగ్గర కుదురుతుందా, కుదరదా? కుదరకపోతే మొహమాటం లేకుండా చెప్పెయ్."

ఫోన్ స్పీకర్లోనే ఉంది. ఆర్లీన్ మెడ దగ్గర ఎర్రబడటం నేను చూశాను.

"ఇంతవరకూ ఇలా ఎవరూ అడగలేదండీ," అంది మారిబెత్. "ఫోన్‌లో గంటసేపు కూర్చోవాలంటే కష్టమే, కొట్టులో నేనొక్కదాన్నే. కానీ… నేను చదివి, రికార్డు చేసి పంపిస్తే? మీరు తీరికున్నప్పుడు వింటారు. ఏమేం కావాలో అలాగే మాట్లాడి పంపించేయండి."

"అట్టమీద బొమ్మ ఎలా ఉందో కూడా చెప్పాలి."

"చెప్తానండీ."

"బాగాలేని పుస్తకాన్ని బాగుందని చెప్పకూడదు."

మారిబెత్ నవ్వింది. "అలా చెప్పబట్టే నా కొట్టు ఇంకా ఇంత చిన్నగా ఉందండీ! ముందు మీకేం ఇష్టమో చెప్పండి."

అంతే, లారీ ముసలామె దగ్గర మొదలైన ఆ మాటలు నా భోజనం చల్లారిపోయేదాకా సాగాయి. మొదటగా మూడు నెలలకి చందా కట్టింది.

మొదటి రికార్డింగు నలభై నిమిషాలు. మధ్యలో మారిబెత్ దగ్గింది, ఎక్కడో కుక్క మొరిగింది, ఒకచోట కథ చెబుతూ చెబుతూ "అయ్యో, చివర చెప్పేస్తున్నాను," అని ఆగిపోయింది. పిల్లల్ని దింపేసి ఖాళీ బస్సుతో తిరిగొచ్చాక ఆర్లీన్ గ్యారేజీలో ఇంజను ఆపి, సీటు దిగకుండా మొత్తం వింది. ఆపైన ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, "మూడోది ఉంచు. ఏడోది ఉంచు. పదకొండు, నువ్వే మొహమాటంగా చెప్పావు, అక్కర్లేదు," అంది.

ఆ కేటలాగు పుస్తకాలు రావడానికి ఇంకా రెండు నెలలుంది కాబట్టి, ఫోన్‌లో అడిగిన పుస్తకాలతో మొదటి పెట్టె గురువారం వచ్చింది. బుధవారం కాదు. ఒకరోజు ఆలస్యానికి ఆర్లీన్ అలవాటు పడాలి, తప్పదు. ఐదు పుస్తకాలకి నాలుగే ఉన్నాయి. ఐదోది అచ్చు ఆలస్యమైందని, వచ్చే వారం పంపిస్తానని మారిబెత్ ముందే కబురు చేసింది. అప్పటికి మెర్ల్ ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు. ఆర్లీన్ పెట్టె పట్టుకుని అతని దగ్గరికి వెళ్ళింది, నన్ను కూడా లాక్కెళ్ళింది. సగం ఖాళీ అయిన కొట్టులో అతను ఒక్కో పుస్తకం అంచు బొటనవేలితో తడిమి చూశాడు, మూలలు వెలుగుకి పట్టి చూశాడు.

"పనిమంతురాలే," అన్నాడు. "ఎవరు కుదిర్చారు?"

"నేనే అడిగాను. నాకు చదవడం రాదని చెప్పి మరీ అడిగాను."

మెర్ల్ పుస్తకాలు జాగ్రత్తగా పెట్టెలో సర్దాడు. "మొదటి నెలలోనే తెలిసింది నాకు," అన్నాడు. "నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు అంత ఓపిక పట్టావయ్యా?"

"ఓపికా? నెలకోసారి నా కథలు నోరు తెరుచుకుని వినే మనిషి ఇంకెవరున్నారే నాకు? మా ఆవిడా?"

ఈస్టరు వెళ్ళిన మంగళవారం అతను వెళ్ళిపోయాడు. ఆర్లీన్ చెప్పినట్టే తీరిగ్గా ఏడ్చింది.

వేసవిలో మారిబెత్ ఫోన్ చేసి, ఆ రికార్డింగులు మిగతా చందాదారులకి కూడా పెట్టనా అని అడిగింది. ఎవరి పేరూ చెప్పనంది. నాకేం అభ్యంతరం అంది ఆర్లీన్. సెప్టెంబరు కల్లా నూట నలభై మంది వింటున్నారు. అందులో చూపు మందగించిన ఒక టీచరుంది, లారీ తోలుతూ వినేవాడున్నాడు, ఆర్లీన్‌లాగే అచ్చు అక్షరాలతో పేచీ ఉన్నవాళ్ళు తొమ్మిది మంది తేలారు. ఆ సంగతి నాకు చెబుతూ, "తొమ్మిది మంది కొరీన్! నేనొక్కదాన్నే అనుకున్నాను," అని రెండుసార్లు అంది. చందా ఏడాదికి పొడిగించుకుంది.

ఆ ఆకురాలు కాలంలోనే కొత్త డ్రైవర్లకి పని నేర్పే ఉద్యోగం ఖాళీ అయింది. మా అందరిలో అనుభవం ఆమెదే ఎక్కువ. దరఖాస్తు ఆరు పేజీలు. దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టి, డ్వైట్ వింటుండగానే, "నాకు చదవడం కష్టం, నువ్వు చదివి వినిపించు, జవాబులు నేను చెప్తాను," అంది గట్టిగా. డ్వైట్ కాఫీ కప్పు దించాడు. ఏదో అంటాడేమోనని నేను చూశాను. అతను కుర్చీ దగ్గరికి లాక్కుని, "నాలుగో పేజీలో ప్రమాదాల గురించి అడుగుతారు. పదహారేళ్ళలో నీకు ఒక్కటీ లేదని లావు అక్షరాలతో రాయించు," అన్నాడు.

ఉద్యోగం వచ్చింది. కొత్తవాళ్ళకి ఇచ్చే నిబంధనల పుస్తకం ఇటుకంత ఉంటుంది. ఆర్లీన్ దాన్ని నాచేత చదివించుకుని, పిల్లల్ని ఎక్కించే వరస అంతా తెల్ల కాగితం మీద ఆరు గడులుగా గీసింది. ముందు ఎర్రదీపం వెయ్యి, అద్దం చూడు, తలుపు తియ్యి, ఇలా గడికొక బొమ్మ, బుడగలో నాలుగు మాటలు. ఇప్పుడది అన్ని బస్సుల్లోనూ అంటించి ఉంది. బొమ్మలు మాత్రం అంతంతమాత్రమే.

"ఇది బస్సా, రొట్టెముక్కా?" అన్నాడు డ్వైట్ మొదటిసారి చూసి.

"చక్రాలున్న రొట్టె నువ్వెక్కడైనా తిన్నావా?" అంది ఆర్లీన్. "నోరు మూసుకుని రెండో గడి చూడు. నువ్వు అద్దం చూడకుండా బండి తీస్తున్నావని నాకు ఫిర్యాదొచ్చింది."