గీత పడితే మార్చిస్తాం

మేవిస్ ఏ కాగితాన్నయినా అంచులు పట్టుకునే అందిస్తుంది. అందించే ముందు ఉఫ్ మని దుమ్ము ఊదుతుంది. లండన్‌లో రొట్టెల కొట్టు పై అంతస్తులో పదమూడేళ్లు గ్రామఫోన్ రికార్డులు అమ్మిన చేతులవి. యజమాని గైల్స్ ఆ దుకాణం నుంచి పాటల కంపెనీకి, అక్కణ్ణుంచి విమానాలకు ఎగబాకాడు. మేవిస్ కూడా అదే ఉన్ని కోటుతో వచ్చి విమానాశ్రయం కౌంటర్లో కూర్చుంది. ఆవిడ మాత్రం భయంతో ఎన్నడూ విమానం ఎక్కలేదు.

డబ్లిన్‌కు తొలి విమానం బయలుదేరే పొద్దున, వరసలో మొదట నిలబడ్డ ముసలాయనకు బోర్డింగ్ కార్డు ఇస్తూ, రికార్డు కొన్నవాళ్లకు చెప్పే మాటే అలవాటుగా అనేసింది: "గీత పడితే వెనక్కి తెచ్చెయ్యండి, మార్చిస్తాం."

"దేన్ని మారుస్తావమ్మా, విమానాన్నా? సముద్రం మధ్యలోనా?" అంటూ ఆయన కార్డు బల్ల మీద పెట్టేశాడు. వెనక నవ్వులు లేచాయి గాని, ఒక్కరూ ముందుకు రాలేదు.

గైల్స్ తల పట్టుకున్నాడు. "కొంప ముంచావు కదా మేవిస్!"

మేవిస్ ఇంకో కార్డు తీసి తన పేరు రాసుకుంది. ఉఫ్ మని ఊది, అంచులు పట్టుకుని లేచింది.

"పదండి పెద్దాయనా. గీత పడితే ఇద్దరం కలిసే వెనక్కి తెచ్చిద్దాం."