విప్పని తుంగముడి

మొన్న మనవరాలి బండి వెనకాల కూర్చుని అనంతగిరి సంతకు వెళుతూ, మా పాత ఊరి మలుపులో, గెడ్డ అని మేము పిలిచే కొండవాగు పక్కన పాతిన పసుపుపచ్చ బోర్డు చూసి బండి ఆపించాను. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, రాత్రి బడిలో. అందుకే ఇప్పటికీ దారిలో బోర్డు కనబడితే వదిలిపెట్టి పోలేను, ఒత్తులున్న చోట కాస్త ఆగి, పెదవులు కదుపుకుంటూ అయినా చదివి తీరుతాను. లోతైన నీరు, లోపలికి వెళ్లరాదు అని ఉంది. బోర్డు వెనక నీరు లేదు. శ్రావణమాసంలో నడుము లోతు నీరుండవలసిన చోట మేకలు నిలబడి తుప్పలు కొరుకుతున్నాయి. మనవరాలు నవ్వింది. ఆ మేకలు నిలబడిన చోటే ఒకనాడు మా అన్న పీకల్లోతు నీటిలో ఉన్నాడు.

మీలో నా ఈడు వాళ్లు, కొండల్లో పుట్టి పెరిగిన వాళ్లు అప్పుడు అక్కడున్నటువంటి నీటి అడవిని ఎరిగే ఉంటారు. పైనుంచి దిగిన గెడ్డ రెండు కొండల నడుమ పల్లంలో పరుచుకుని వానాకాలమంతా అక్కడే నిలిచిపోయేది. ఆ బురద అడవిని మేము రొంపడవి అనేవాళ్లం. అంచున తుంగ, తుంగ దాటితే ఊతకర్రల వంటి వేళ్లు బురదలోకి దించుకున్న మొగలి పొదలు, వాటి వెనక నేరేళ్లు, ఇంకా లోపల, నీరు ముందుగా వచ్చి ఆఖరున పోయే చోట ఏరుమద్ది మానులు, ఆ మానులను పట్టుకుని పైకి పాకే బెత్తం తీగలు. వేసవిలో చూస్తే మానుల మీద మనిషెత్తున మట్టి గీత కనబడేది, కిందటి ఏడు నీరు అంతదాకా వచ్చిందన్న గుర్తు. కొండవాలు మీది విత్తనం ఏదైనా దొర్లివచ్చి అక్కడ మొలిస్తే ఆ వానలకే కుళ్లిపోయేది గాని, నేరేడు మొక్కలు మాత్రం నెలల తరబడి నీటి కింద మునిగి ఉండి, నీరు తీయగానే బురద పూసుకున్న ఆకులతోనే లేచి నిలబడేవి. చిన్నప్పుడు నేను వాటిని చూసి, ఇవి ఊపిరి ఎక్కడ దాచుకుంటాయా అనుకునేదాన్ని.

తొలి వానలు పడి, నీరు ఇంకా పూర్తిగా నిండక ముందు, చాపలకు మొగలాకు కోసం, కూరకు బెత్తం చిగుళ్ల కోసం ఆడవాళ్లు లోపలికి వెళ్లేవారు. వెళ్లే ప్రతి మనిషీ దారి మొదట్లో ఒక గుప్పెడు తుంగను ముడి వేసి, గెడ్డ తల్లికి దణ్ణం పెట్టి అడుగు వేయాలి; బయటికి వచ్చాక తన ముడి తానే విప్పుకోవాలి. ముడి ఉన్నదంటే మనిషి లోపల ఉన్నట్టే. ఒకరి ముడి ఇంకొకరు ముట్టుకోకూడదు. మా వదినది ఎడమచేతి వాటం, ఆవిడ ముడి అందరి ముడులకూ ఎదురు తిరిగి ఉండేది.

వదిన మా ఇంటికి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆ రోజు మా మీద చినుకు లేదు గాని పై కొండ మీద ఆకాశం నల్లగా కుంగిపోయి ఉంది. మధ్యాహ్నం తిరగకుండానే గెడ్డ రంగు మారింది, వెనకే హోరు మొదలైంది. వదినతో లోపలికి వెళ్లిన ఆడవాళ్లందరూ పరుగున వచ్చి ముడులు విప్పుకుని ఇళ్లకు పోయారు. వదిన రాలేదు. పోడు నుంచి వస్తున్న అన్న తుంగ దగ్గర ఆగి, ఎదురు తిరిగి ఉన్న ఆ ఒక్క ముడినీ చూశాడు. అక్కడే వదిన కోసం ఎదురుచూస్తున్న అమ్మ అతని చెయ్యి పట్టుకునేలోపే వెదురుకర్ర తీసుకుని నీటిలోకి దిగిపోయాడు.

మేము గట్టున నిలబడ్డాం. నీరు తుంగ మొదళ్లను ముంచింది, మెల్లగా ముడి దాకా వచ్చింది, తరువాత ముడి కూడా కనబడలేదు. అయ్య గొంతు చించుకుని వెనక్కి రమ్మని పిలిచాడు. చాలాసేపటికి మానుల లోపలి నుంచి అన్న గొంతు సన్నగా వినబడింది.

"అది దొరక్కండా నాను రాను!"

అప్పుడు, పై దారిన, చంకలో చిగుళ్ల మూట పెట్టుకుని వదిన వచ్చింది. ముళ్లలో చీర చిక్కుకుని వెనకబడేసరికి కింది దారి మునిగిపోయిందట. ఎగువ వైపున గట్టెక్కి, చుట్టూ తిరిగి వచ్చి ముడి విప్పుకోవచ్చుననుకుందట. దారిలో వాగు అడ్డం పడి ఆలస్యమైంది. మమ్మల్ని చూసి, నీటిని చూసి, ఆవిడకు అంతా అర్థమైంది. మూట చేతిలోంచి జారిపోయింది.

"నీ పెళ్లాం వొచ్చేసిందిరా! బేగి రా!" అని అయ్య అరిచాడు.

"అబద్దాలాడకండి! నన్ను బయిటికి లాగడానికే గదా!" అని లోపలి నుంచి జవాబు. ఈసారి గొంతు ఇంకా దూరంగా ఉంది. పెద్ద మానుల వైపు పోతున్నాడని మాకందరికీ తెలిసింది.

అమ్మ వదిన వైపు తిరిగి, "నువ్వు పిలు! నీ గొంతయితేనే నమ్ముతాడు" అంది. మా ఇళ్లలో కోడలు మామ ఎదుట గొంతు ఎత్తకూడదు, మొగుడి పేరు అసలే పలకకూడదు; మరో గదిలో ఉన్నా పిలవవలసి వస్తే గాజులు చప్పుడు చేయడమే. వదిన రెండుసార్లు ఓయ్ అంది. ఆ హోరులో అది ఏ ఆడమనిషి కేకైనా కావచ్చు. అయ్య తనంతట తాను వీపు తిప్పి కొండ వైపు చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు వదిన మొల లోతు నీటిలోకి దిగి, మొగలి పొద పట్టుకుని, మా అన్న పేరు పెట్టి పిలిచింది. గొంతు బొంగురుపోయేదాకా పిలిచింది.

"నానిక్కడుంటే నువ్వక్కడేటి సేత్తన్నావు! నానేటి సేపనా, నీటిలో దేవులాడతన్నావు!"

కాసేపు గెడ్డ తప్ప ఇంకేమీ వినబడలేదు. తరువాత ఒక నేరేడు కొమ్మ కదిలింది. దాని ఇవతల మరొకటి. ఆ గొంతు వైపే, ఒక చెట్టును కావలించుకుని మరో చెట్టును అందుకుంటూ, కర్ర పోగొట్టుకుని, పీకల్లోతు నీటిలో అన్న వచ్చాడు. గట్టెక్కి చతికిలబడి నోట్లో నీళ్లు ఉమ్మేశాడు. ఆనక వదినను చూసి, "ముడి ఇప్పుకోడానికి బద్దకమేటే నీకు?" అన్నాడు. అయ్య ఇంకా కొండ వైపే చూస్తూ, "కోడలు పేరెట్టి పిలిచేసింది, ఇంక గెడ్డకి సిగ్గేసి తగ్గిపోద్ది" అన్నాడు. అమ్మ నవ్వుతూనే ఏడ్చింది. ఆ రోజు నుంచి వదిన అన్నను పేరుతోనే పిలిచింది, ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు.

పైన గెడ్డకు అడ్డం కట్టి నీటిని గొట్టాల్లోకి మళ్లించి చాలా ఏళ్లయింది. పాత ఏరుమద్దులు ఇంకా ఉన్నాయి గాని వాటి కింద పిల్లమొక్క లేదు. మొగలి ఎండిపోయింది, నేరేళ్ల మధ్యకు కొండవాలు తుప్పలన్నీ భయం లేకుండా దిగివచ్చాయి. మా ఊరు కూడా రోడ్డు పక్కకు జరిగింది. అన్నా వదినా అక్కడే ఉంటున్నారు. సంత నుంచి తిరిగి వస్తూ వాళ్ల ఇంటికి వెళ్లాను. అరుగు మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. చెల్లెలు వచ్చిందని చెప్పడానికి వదిన అన్నను పేరు పెట్టి పిలిచింది, మళ్లీ పిలిచింది. గెడ్డ హోరు లేదు, వాన లేదు, ఆకు కదలడం లేదు. అయినా అన్నకు వినబడలేదు. ఆవిడ చెయ్యి చాచి భుజం తట్టాకే నా వైపు తిరిగాడు.