మామ చల్లబెట్టిన సీడీలు

పోయిన నెల మా మేడమీది మామ పోయారు. తొండియార్‌పేటలో మా వీధంతా ఏడ్చింది. నాకు మాత్రం ముందు కోపం వచ్చింది. మా పందెం తేల్చకుండానే వెళ్ళిపోయారాయన.

సీడీని గుడ్డలో చుట్టి రాత్రంతా ఫ్రీజర్లో పెట్టి, పొద్దున తీసి చల్లదనం మెల్లగా పోనిచ్చి, అంచు చుట్టూ పచ్చ స్కెచ్ పెన్‌తో గీస్తే పాట తేటగా వినిపిస్తుందని మామ నమ్మకం. మనలి ఫ్యాక్టరీలో యంత్రాల మోత మధ్య పనిచేసి రిటైరైన చెవులు ఆయనవి!

"మనుషులకి ఐసు లేదు, ఈయన పాటలకి మాత్రం జలుబు చేయాల" అని అత్త గోల.

"మామా, సాంబార్లో ముంచితే ఇంకా రుచిగా ఉంటాదేమో" అనేవాణ్ణి నేను.

"సుమ్మా ఉండరా, ఊరికే వాగకు. నీకు వినబడలేదంటే తప్పు నీ చెవిది, నా సీడీది కాదు."

నేను ఎనిమిదో క్లాసుతో బడి మానేసినవాణ్ణి. ఎవరైనా ఆ మాట ఎత్తితే మామ ఊరుకునేవారు కాదు. "చెవికి బడి అక్కర్లేదప్పా. కుదురుగా వినేదే చదువు" అనేవారు. నా వేళాకోళానికి అందరూ పారిపోతారు. ఆయన కుర్చీ జరిపి, "ఈడ కూచో, మళ్ళా విను" అనేవారు. పాట వినడమంటే ఏమిటో నాకు తెలిసింది ఆ కుర్చీలోనే.

ఆఖరికి పురసవాక్కం వెళ్ళి ఒకే పాటలున్న సీడీలు రెండు కొనుక్కొచ్చాను. ఒకదానికి ఆయన వైద్యం చేశారు, రెండోదాన్ని ముట్టుకోలేదు. ఆయన కళ్ళకు తువ్వాలు కట్టాను. అత్త మార్చి మార్చి వేసింది. ఒకసారి సరిగ్గా చెప్పారు, ఇంకోసారి తప్పారు.

"ఆడ కుక్కర్ విజిలేసిందిరా, ఇది చెల్లదు. ఆదివారం మళ్ళా పెట్టు."

ఆ ఆదివారం రాకముందే గుండె ఆగింది. "తేడా లేదురా" అని ఒక్కసారి ఆయన నోట అనిపించాలని ఎన్నేళ్ళ ఆశ నాది! చచ్చినా ఒప్పుకోలేదు మనిషి. ఇప్పుడు నేను గెలిచి మాత్రం ఎవరి ముందు కాలరెగరేయాలి?

అయినా ఉండబట్టలేదు. కర్మలయ్యాక అత్తను అడిగి ఆ రెండూ వేయించుకున్నాను. ఈసారి తువ్వాలు నా కళ్ళకు. ఎంత విన్నా నాకు తేడా తెలియలేదు.

"రెండూ ఒకటే అత్తా. గెలిచింది నేనే."

"యాడ ఒకటి? మీ మామ చల్లబెట్టిందే తేటగా ఉండాది. నీకు చెవుల్లేవు."

తువ్వాలు లాగేశాను. కాపురమంతా ఐసు కోసం పోట్లాడిన మనిషి ఈమేనా?

"నువ్వు కూడానా అత్తా!"

"నోరు మూసుకొని విను. మళ్ళా వేస్తా."

సీడీని రెండు వేళ్ళతో అంచు పట్టుకుని, కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూస్తోంది అత్త. దాని రంగులు గోడమీదా, తడిసిన ఆమె చెంపమీదా వణుకుతున్నాయి.