చివరి బొమ్మ దాకా విప్పని చేర్యాల పటం

చేర్యాలలో గుడ్డ మీద బొమ్మల పటం గీయించాలంటే ఎలా వెళ్లాలని మొన్న దుకాణంలో ఒకాయన అడిగితే, నా పాత ప్రయాణం గుర్తొచ్చింది. తొంభైల మొదట్లో సిద్దిపేటలో మా హీరోకు అభిమాన సంఘం ఉండేది. సంఘం అంటే నేనూ, మల్లేశమే. మిగతావాళ్లు సినిమా విడుదల రోజు కనిపించేవాళ్లు. హీరో మా ఊళ్లో అభిమానుల సభకు వస్తున్నాడని తెలిసేసరికి మల్లేశం మహారాష్ట్రలో, భివండిలో మరమగ్గం పనిలో ఉన్నాడు. సెలవు దొరకలేదు. "మంచి పటం గీయించు. ఆఖరి బొమ్మల మనిద్దర్ని పెట్టియ్యి. ఆయన ఒక్కపారి చూస్తే చాలు" అని ఉత్తరం రాశాడు.

సభ రోజు పొద్దున నా గుండీలు, దారాల దుకాణం తెరవకుండా ఆరున్నర బస్సెక్కాను. చేర్యాలకు దాదాపు గంట. అప్పట్లో టికెట్టు పది రూపాయల లోపే. "ఒక్కనివేనా అన్నా?" అన్నాడు కండక్టరు. ఒక్కణ్నే. పక్క సీట్లో సంచి పెట్టుకున్నాను. పటాలు గీసే రాజయ్య తాతకు నెల ముందే ఫొటోలిచ్చి వచ్చాను. వెళ్లేసరికి పటం సిద్ధం: మనిషెత్తు గుడ్డ, బొమ్మల వెనక ఎర్రటి రంగు, హీరో సినిమా వేషాలన్నీ వరసగా ఉన్నాయి. అన్నిటికన్నా పైన వినాయకుడు.

"గణపతిని నేను చెప్పలే గద తాతా?"

"గణపయ్య లేంది పటం సురువైతదా బిడ్డా? మా తాతల కాడికెల్లి గంతే. కింద నీ హీరో, గా అడుగున నువ్వూ నీ దోస్తు."

"మల్లేశానికి మీసం జర ఎక్కువైంది."

"భివండిల పెరిగి ఉంటది తియ్!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన పటాన్ని అడుగు నుంచి చుట్టి చేతికిచ్చాడు. పదకొండుకల్లా సిద్దిపేటలో దిగాను.

సభ మూడింటికి, సినిమా హాల్లో. రెండు గంటలు లైన్లో నిలబడ్డాను. అందరి చేతుల్లో హీరోకు కానుకలు: పేరు కుట్టిన రుమాళ్లు, పూసల దండలు, ఒకామె అల్లిన స్వెట్టరు. నా వంతు వచ్చింది. జానెడు విప్పానో లేదో, వినాయకుడు కనిపించాడు. హీరో చెప్పులు పక్కకు విడిచి, పటాన్ని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు.

"చాలా సంతోషమండీ. పూజలో పెట్టుకుంటాను."

"సార్, కింద మీరున్నరు... ఇంకా కిందికి..."

"నడువన్నా, ఎనక లైన్ ఆగింది!" అని ఎవరో భుజం పట్టి జరిపారు. ఆయనే జాగ్రత్తగా చుట్టి పక్కవాళ్లకు అందించాడు. ఆ మర్యాదకు కోపం ఎలా వస్తుంది?

బయట హోటల్లో చాయ్ తాగుతుంటే, హీరో తమతో ఏమన్నాడో అందరూ పక్కవాళ్లకు చెప్పుకుంటున్నారు. నేను కార్డు తీసి మల్లేశానికి రాశాను: "ఇచ్చిన. కండ్లకద్దుకున్నడు." రెండూ నిజమే. పదిరోజులకు జవాబు వచ్చింది: "మనిద్దర్ని చూసి ఏమన్నడు?" ఆ ఒక్క మాటకు ఇప్పటిదాకా జవాబు రాయలేదు. మల్లేశం అక్కడే స్థిరపడ్డాడు. ఇప్పుడు మేమిద్దరం పక్కపక్కన ఉన్నది ఆ పటం అడుగున ఒక్కచోటే. దాన్ని ఎవరైనా విప్పి చూశారో లేదో తెలియదు.

మీరు చేర్యాల వెళ్తే పొద్దుటి బస్సు మేలు, నెల ముందే చెప్పుకోండి. పైన వినాయకుణ్ని ఉండనివ్వండి. మీ మనుషుల్ని మాత్రం ఆయన కాళ్ల దగ్గరే గీయించండి. చూసేవాళ్లు జానెడుకు మించి విప్పరు.