లోకనాథం కన్నా ముందు బయల్దేరిన బ్యాగు

వెంకన్నపాలెం దాటాక చెరుకు లారీ వెనక ఇరుక్కుని ఈడ్చుకుంటూ పోతున్న ఆటోలోంచి లోకనాథం రోడ్డు వైపు చూస్తూండగా, ఎదురుగా ఓ మోపెడ్ వచ్చింది. దాన్ని నడుపుతున్న మనిషిని అతను ఎన్నడూ చూసి ఉండలేదు. ఆ మనిషి కాళ్ళ మధ్య నిలబెట్టి ఉన్న నీలం బ్యాగుని మాత్రం నిద్రలో లేపి అడిగినా గుర్తుపడతాడు. జిప్పు ఊడినచోట భార్య చిన్నమ్మలు ఎర్రదారంతో వేసిన కుట్టు, పిడికి కట్టిన పసుపుకొమ్ము. సందేహం లేదు, అది తన బ్యాగే.

"అప్పలరాజూ, ఆపరా! నా బేగు ఎల్లిపోతంది!"

ఆటో నడుపుతున్న అప్పలరాజు తల బయటికి పెట్టి, "ఓ మోపెడ్డూ! ఓ బేగూ! ఆగండ్రా!" అని అరిచాడు. మోపెడ్ టీ బడ్డీ ముందు ఆగింది. దిగినవాడు ఆరడుగుల మనిషి.

"లోకనాథం బావవి నువ్వేనేటి? నేను పొట్టిబాబుని. మీ వీది తలుపులమ్మొదిన చెల్లెలి మొగుణ్ణి. బేగు నీకిచ్చీడానికే వత్తన్నాను. నువ్విలగొచ్చీసేవేటి?"

"బేగు తెచ్చుకోడానికే నేనొత్తన్నాను."

"మరి ఇంటికాడే ఉంటావని వదిన సెప్పిందే!"

"ఆవిడ ఫోనెత్తితే కదా, నేనెక్కడుంటానో సెప్పడానికి."

టైము నాలుగూ పది. అనకాపల్లిలో హైదరాబాదు బండి అయిదూ యాభైకి. బండి లోకనాథం కోసమే, బ్యాగూ లోకనాథందే. కానీ నాలుగు రోజులుగా బ్యాగు ఒక దారిన, మనిషి ఒక దారిన తిరుగుతున్నారు.

ఇది ఎలా జరిగిందో చెప్పాలంటే ముందు లోకనాథం ఉద్యోగం గురించి చెప్పాలి. అతను మున్సిపాలిటీలో కుళాయిలకు నీళ్ళు వదిలే మనిషి. ముప్ఫైనాలుగేళ్ళు తెల్లవారుజామున సైకిలు మీద బయల్దేరి, బారెడు ఇనప కీ భుజాన వేసుకుని, వీధి వీధికీ ఒక వాల్వు తిప్పుకుంటూ పోయాడు. ఊళ్ళో వాళ్ళకు అతని పేరు తెలీదు, రాక తెలుసు. బిందెల చప్పుడు మొదలైందంటే లోకనాథం మలుపు తిరిగాడన్నమాట. ప్రపంచంలో వంతెనలు కట్టినవాళ్ళకీ గోపురాలు లేపినవాళ్ళకీ శిలాఫలకాలుంటాయి గానీ, పొద్దున్నే నీళ్ళు వదిలినవాడికి ఎక్కడా ఉండవు. ఒక్కరోజు వదలకపోతే మాత్రం అతని పేరు ఊరంతా కనుక్కుంటారు.

ఆ నీళ్ళ మూలంగానే అతను కూతురు ఇందు డిగ్రీ పట్టా పుచ్చుకున్న రోజు వెళ్ళలేదు. ఆ రోజు మోటారు కాలింది. ఇందు హైదరాబాదులో మెట్రో రైలు డ్రైవరై, జనంతో మొదటిసారి బండి నడిపిన రోజూ వెళ్ళలేదు. ఆ రోజు అతని బదులు నీళ్ళు వదలాల్సిన జోడీ మనిషికి పెళ్ళి. చిన్నమ్మలు తన చెల్లెల్ని వెంటబెట్టుకు వెళ్ళి, కూతురు నడిపే బండి రెండుసార్లు ఎక్కి వచ్చి, వీధంతా చెప్పుకుంది. లోకనాథం రిటైరయ్యాక వెళ్దామన్నాడు. పోయిన నెలాఖరున రిటైరయ్యాడు. వారం తిరక్కుండా ఇందు ఫోను చేసింది.

"నాన్నా, మంగళవారం నించి నన్ను కంట్రోల్ రూములోకి మారుస్తున్నారు. ఇక కుర్చీలో కూచుని తెరలు చూడ్డమే. సోమవారం నా ఆఖరి డ్యూటీ. ఈసారి నీళ్ళు లేవు కదా, వచ్చెయ్."

టిక్కెట్టు కూడా తనే తీసి ఫోనుకి పంపింది, ఆదివారం సాయంత్రం బండికి. నాలుగు రోజుల్లో ఏం చూడాలో, ఏ పూట ఎక్కడ తినాలో ఓ జాబితా కూడా పంపింది. లోకనాథం దాన్ని మూడుసార్లు చదివాడు. అందులో పనేమీ కనపడలేదు. పని లేకుండా నాలుగు రోజులు ఊళ్ళో ఎలా తిరుగుతారో అతనికి అంతుపట్టలేదు.

చిన్నమ్మలుకి వేరే చిక్కు దొరికింది. ఆదివారం పడమర శూల, అటు ప్రయాణం పనికిరాదు. హైదరాబాదు పడమర. కాబట్టి బుధవారం మంచి గడియలో ప్రస్థానం కదిపింది. మనిషికి వీలుకాని ముహూర్తానికి సామాను బయల్దేరదీయడం అంటే ఇదే. వెళ్ళే దిక్కున ఉన్న ఎవరింట్లోనో మూట పెడితే ప్రయాణం మొదలైనట్టే. రాజులకు ఇన్నాళ్ళు చెల్లుతుందనీ, మామూలు జనానికి ఇన్నాళ్ళనీ పాత పంచాంగాల్లో లెక్కలుంటాయి, ఊరికొక రకంగా చెబుతారు. ఒక్క నియమం మాత్రం అన్నిచోట్లా ఒకటే. కదిలిన మూట మళ్ళీ ఇంటివైపు తిరగకూడదు. బద్ధకానికి మనవాళ్ళు ఇంత మర్యాదైన దారి వేసి ఉంచినా, దాన్ని వాడుకోవడం ఇవాళ చాలామందికి తెలీదు.

బ్యాగు పడమటి వైపు మూడో ఇల్లు తలుపులమ్మ గదిలో కూచుంది. ఇవాళ పొద్దున్న బుచ్చయ్యపేటలో ఆవిడ చెల్లెలు మెట్లమీద జారిపడిందని కబురొచ్చింది. ఆవిడ తాళం వేస్తూ ఆలోచించింది. దీపం వెలగని ఇంట్లో ప్రస్థానం ఉంచడం తప్పు. బుచ్చయ్యపేటా పడమరే. ఇంకా మంచిది. బ్యాగుని వెంట తీసుకుపోయింది. లోకనాథం బట్టలు, ఆధార్ కార్డు, ఇందు కోసం కొన్న మాడుగుల హల్వా, అన్నీ అందులోనే ఉన్నాయి.

మధ్యాహ్నం చిన్నమ్మలు చూస్తే తాళం. ఫోను చేస్తే, "బయం లేదొదినా, బుచ్చయ్యపేటలో నాతోనే సుకంగా ఉంది" అని చెప్పి తలుపులమ్మ పెట్టేసింది. మళ్ళీ ఎత్తలేదు. చిన్నమ్మలు మొగుణ్ణి ఆటో ఎక్కించింది. అవతల బండి టైము గుర్తొచ్చి తలుపులమ్మ తన మరిదిని మోపెడ్ ఎక్కించింది.

"సరే, అయిందేదో అయింది. తే ఇలాగ" అని లోకనాథం బ్యాగు పిడి పట్టుకోబోయాడు.

"ఉండు మామా" అన్నాడు అప్పలరాజు. "మా అత్త నాకేటి సెప్పిందో తెలుసా? బేగు ఎనక్కి తిరిగితే పయనం పోద్దంట. ఇక్కణ్ణించి అనకాపల్లి అంటే ఎనక్కేగా? నా బండిలో పెట్టుకోను బాబూ. రేపు నీకేటైనా అయితే ఆవిడ నన్ను బతకనిత్తదేటి?"

"అలగైతే బుచ్చయ్యపేట నించి ఇక్కడిదాకా నేను ఎనక్కే తెచ్చేను" అన్నాడు పొట్టిబాబు మొహం మాడ్చుకుని. "అంటే సెడగొట్టింది నేనేనంటావు!"

"నిన్నన్లేదు. నువ్వు మద్దెలో మనిషివి. నీకు లెక్క లేదు."

"నాకు లెక్క లేదా? ఎండలో పడి పెట్రోలు పోసుకొచ్చినోడికి లెక్క లేదా?"

బడ్డీలో టీ మరిగిస్తున్న కాసులమ్మ గరిటె ఆపి అడిగింది. "అయ్యా, మీ టేసను ఏ పక్కనుంది?"

"తూరుపున."

"ఇల్లు?"

"అదీ తూరుపునే. టేసనుకి ఇవతల."

"మరి బేగు తూరుపుకి ఎల్లకుండా రైలెలగెక్కుద్దయ్యా?"

ముగ్గురూ ఆవిడ వంక చూశారు. ఇంతసేపూ ఎవరికీ తట్టని సంగతి అది.

లోకనాథం చిన్నమ్మలుకి ఫోను చేశాడు. "ఏటండీ, బేగు దొరికిందా? ఇంటికి తేకండి! మన వీది మొకం సూపించకండి!" అంది.

"మరి టేసనుకి ఏ దారిన రాను?"

"నాకేటి తెలుసు? మగోళ్ళు, మీకు దార్లు తెల్దేటి?"

ఇందుకి చేశాడు. డ్యూటీలో డ్రైవర్ల ఫోన్లు పెట్టెలో పెట్టేస్తారు. మోగి మోగి ఆగింది. పొద్దున ఆమె రికార్డు చేసి పంపిన మాటలు చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ విన్నాడు. "నాన్నా, రేపు పదకొండూ పదికి మొదటి పెట్టె, మొదటి తలుపు. పసుపు గీత దాటకు. లోపలికి చూసి చెయ్యి ఊపకు, నేను చూడను. నువ్వెక్కావని నాకు తెలిస్తే చాలు."

పొట్టిబాబుకి అప్పుడే ఒక ఉపాయం తట్టింది. "బావా, పడమరే పోదాం! ఇటే నర్సీపట్నం, అక్కణ్ణించి తుని. మీ బండి తునిలో ఆగుద్ది. బేగు ఎక్కడా ఎనక్కి తిరగదు!"

"తునికి అందుకుంటామేటి? రెండున్నర గంటలు పడతాది."

"అడ్డదారుంది."

"అడ్డదారిలో వంతెన పనుంది గదేటి!"

"ఏ వంతెన? అది వడ్డాది దగ్గిర. ఇది వేరే."

ఇద్దరూ గొంతుకూచుని మట్టిలో పుల్లతో గీతలు గీయడం మొదలెట్టారు. ఒక గీత నర్సీపట్నం, ఒక గీత కొండ. అప్పలరాజు వంతెన గీస్తే పొట్టిబాబు చెరిపాడు. లోకనాథం పైనుంచి చూశాడు. ఊరి పైపుల పటం అతనికి కాగితం లేకుండా వచ్చు. ఏది తిప్పితే ఏ వీధికి నీళ్ళెళ్తాయో చెప్పగలడు. ఈ గీతల్లో ఏది తిప్పితే ఏం వస్తుందో తెలియడం లేదు. శూల నిజమో కాదో తెలియడం లేదు. పడమర నుంచి తూర్పుకి వచ్చి, మళ్ళీ రైలెక్కి పడమరకు పోతే ఆ మూట తిరిగినట్టా, తిరగనట్టా? నాలుగూ ముప్ఫైఅయిదు. ఆటో తాళం అప్పలరాజు మొలలో ఉంది. ఈ సంగతి తేలేదాకా అతను బండి తీయడు.

చోడవరం వైపు నుంచి పల్లెవెలుగు బస్సు వచ్చి, గంపలున్న ఇద్దరాడవాళ్ళ కోసం రోడ్డవతల ఆగింది. ముందు అద్దం మీద అనకాపల్లి అని ఉంది.

లోకనాథం మోపెడ్ దగ్గరికి వెళ్ళి జిప్పు లాగాడు. ఎర్రదారం కాస్త పట్టేసి, వదిలింది. పైనున్న కవరులోంచి ఆధార్ కార్డు తీసి జేబులో వేసుకున్నాడు. హల్వా డబ్బా చంకలో పెట్టుకున్నాడు. బట్టల మీద ఒకసారి వేసిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. జిప్పు మూసి, బ్యాగుని ఎలా ఉన్నదాన్ని అలా మోపెడ్ మీదే నిలబెట్టాడు.

ఏదో ఒకటి చెప్పాలనిపించింది. చెబితే ఇద్దరూ తలెత్తుతారు. కాసులమ్మ అతన్ని ఒకసారి చూసి, మళ్ళీ టీ వడపోతలో పడింది.

"తునిలోనే ఎందుకూ, అది దాటి అన్నవరంలో ఎక్కినా సరిపోద్ది" అంటున్నాడు పొట్టిబాబు పుల్ల ఇంకాస్త దూరం జరుపుతూ.

లోకనాథం రోడ్డు దాటి, గంపల వెనకాల బస్సెక్కాడు.