పసుపు పట్టీ అడిగిన ప్రశ్న

ఈ సంగతి నేను రాసి పెట్టకపోతే, ఒక మంచి మనిషి నా కోసం ఆడిన అబద్ధమే చివరికి నిజంగా నిలిచిపోతుంది. ఈ ఉదయం సన్నీవేల్ లైబ్రరీలో రెండు పేజీల నీళ్ల బిల్లు ప్రింట్ తీసుకుందామని ఫైలు తెరిస్తే, దాన్ని చూపించాల్సిన సాఫ్ట్‌వేర్ ముందు కొత్త వెర్షన్ వచ్చిందంది, తర్వాత అకౌంట్ తెరవమంది, ఆపైన ఆ రెండు పేజీల సారాంశం తనే చెబుతానంది. అంతలో ఫోన్‌కి మా అక్క కూతురి మెసేజ్ వచ్చింది. “ఆంటీ, అమ్మ సాంగ్స్ ఫైల్ మీ దగ్గర ఏమైనా ఉందా? సండే అమ్మ మెమోరియల్‌కి వచ్చే అందరికీ ప్రింట్ చేసి ఇద్దామని.” బిల్లు సంగతి వదిలేసి, తెల్ల కాగితాలు అడిగి తీసుకుని ఇలా కూర్చున్నాను.

అక్క అంటే తోడబుట్టినది కాదు. పాతికేళ్లు పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండి, పోయిన నెలలో కన్నుమూసిన మనిషి. నేను అమెరికా వచ్చిన కొత్తలో నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు, డిగ్రీ కూడా సగంలో ఆగిపోయినదాన్ని. మావారు ఆఫీసుకి వెళ్లగానే నడుచుకుంటూ లైబ్రరీకి పోయి, కంప్యూటర్ పుస్తకాల అలమార ఈ చివర నుంచి ఆ చివరికి చదివేశాను, అర్థం కానిచోట మళ్లీ మొదటి నుంచి. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. ఆ రోజుల్లో ఫైలు చూసే సాఫ్ట్‌వేర్ ఎంత చిన్నదని! నొక్కితే పేజీ కనబడేది, చదువుకుని మూసేసేవాళ్లం. చూపించడం తప్ప దానికి వేరే పని తెలియదు, మన గురించి ఒక్క ప్రశ్న వేసేది కాదు.

అక్క వాళ్లమ్మగారు పెళ్లిపాటలు, మంగళహారతులు పెన్సిల్‌తో రాసుకున్న నోటుపుస్తకం ఒకటి గుంటూరు నుంచి వచ్చింది. అట్ట ఊడిపోయి, ముట్టుకుంటే అంచులు రాలేవి. ఇద్దరం కొన్ని వారాలపాటు ఈ లైబ్రరీ స్కానర్ దగ్గరే నిలబడి పేజీ పేజీ ఎక్కించాం. అమ్మగారు పోయినప్పుడు అక్క ఇండియా వెళ్లి, కాపీ ఉంది కదా అని, ఆ పుస్తకాన్ని ఆవిడ గుండెల మీద పెట్టి సాగనంపింది.

ఈలోగా ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఏళ్ల తరబడి లావెక్కుతూ వచ్చింది. సంతకాలన్నారు, ఫారాలన్నారు, చివరికి ఫైలు లోపలే ప్రోగ్రాములు నడుస్తాయన్నారు. తనంతట తాను పని చేసే కాగితం ఇక కాగితం కాదని, దాన్ని అనుమానించాలని లైబ్రరీ పుస్తకంలో చదివి, అక్క కంప్యూటర్‌లో ఆ సౌకర్యం ఆపేశాను. “మా కంప్యూటర్‌కి డాక్టరమ్మ” అని అక్క అందరితో నవ్వుతూ చెప్పేది. కానీ రోజూ ఏదో ఒక పెట్టె తెర మీదికి వచ్చి ఏదో ఒకటి అడుగుతుంటే, చదవకుండా నొక్కి పంపించేయడం ఇద్దరికీ అలవాటైపోయింది.

ఒక ఉగాది ముందు, అమెరికా టైముకి లెక్కకట్టిన పంచాంగం ఈమెయిల్‌లో వచ్చింది. ఏటా ఎవరో ఒకరు పంపేదే, ఎవరు తయారుచేశారని ఏ ఏడూ అడిగింది లేదు. ఈసారి మన నక్షత్రం రాస్తే కందాయ ఫలాలు చెబుతుందట. అక్క ఫోన్ చేసింది.

“ఏమే, పైన పసుపు పట్టీ ఒకటొచ్చి దీన్ని నమ్ముతావా అంటోంది. నక్షత్రం రాయనివ్వట్లేదు.”

పొయ్యి మీద పులిహోర పోపు వేగుతోంది. “పంచాంగమే కదక్కా, నమ్ముతానని నొక్కేయండి!”

“పంచాంగాన్ని కూడా నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతాంలే” అని నవ్వి నొక్కింది.

ఆ నొక్కుడుతో నేను ఆపేసిన సౌకర్యం మళ్లీ తెరుచుకుని, పంచాంగంలో దాగిన ప్రోగ్రాము నడిచి, సాయంత్రానికి ఆమె ఫైళ్లన్నిటికీ తాళం పడిపోయింది. కాపీ దాచిన డిస్క్ కూడా, దానంతట అదే కాపీ అవుతుందని నేనే కంప్యూటర్‌కి తగిలించి ఉంచమన్నాను కాబట్టి, దాంతోపాటే పోయింది. తెలిసినవాళ్లందరికీ చూపించాం. ఒక్క పేజీ తెరుచుకోలేదు.

పాటలేమయ్యాయని ఎవరడిగినా అక్క “కంప్యూటర్ పాతదండీ, పాడైపోయింది” అనేది. నా ఎదురుగా కూడా అదే మాట. నేను నోరు విప్పలేదు, డాక్టరమ్మ పేరు పోతుందని. పెళ్లిళ్లలో పాడమంటే రెండు చరణాలు పాడి, మూడోది గుర్తురాక ఆగి, నా వైపు చూసి నవ్వేది. ఆ నవ్వులో నింద లేదు. ఉంటే ఎప్పుడో చెప్పేసి ఉండేదాన్ని.

ఒకప్పుడు కాగితాన్ని మనం చదివేవాళ్లం. ఇప్పుడు కాగితం ముందు మనల్ని ప్రశ్నలడుగుతుంది. అడిగి అడిగి, అసలు చదవాల్సిన ఒక్క ప్రశ్న కూడా చదవని మనుషులుగా చేసింది మమ్మల్ని.

ఆమె పాడినప్పుడు నేను చేత్తో రాసుకున్న పాటలు మొత్తం ఏడు ఉన్నాయి. ఆగిన చోట ఖాళీ గీతలు వదిలాను. ఆదివారం వాటితోపాటు ఈ కాగితాలూ అక్క కూతురికి ఇస్తాను. పేజీ చిరగకుండా స్కానర్‌లో పెట్టడం నేర్పిన లైబ్రేరియన్ గారికి, తాళం తీయాలని శనాదివారాలు కూర్చున్న శాంటా క్లారాలో ఉండే మా తమ్ముడికి, ఇన్నాళ్లూ ఈ సంగతి కడుపులో దాచుకున్న మావారికి నా కృతజ్ఞతలు. కంప్యూటరే పాడైందని చివరిదాకా చెప్పిన అక్కకి కూడా. ఈ మాట ఆమె ఉండగా చెప్పాల్సింది.